యానిమేషన్ స్పిన్-ఆఫ్‌కి ఎలాంటి టాక్ వచ్చిందో మనమే తేల్చుకోవడం ఎలా?

"అన్నా, టొమాటోల్లో 60 వచ్చిందంట. అంటే పదికి ఆరేగా? పిల్లలకి పెట్టొచ్చా?"

నెలకి నలుగురైనా నన్ను ఈ మాట అడుగుతారు. టొమాటోలంటే రాటెన్ టొమాటోస్, సినిమా రివ్యూలన్నీ ఒకచోట చేర్చే సైట్. కావలిలో మేం కొందరం కలిసి ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం ఒక బడి హాల్లో పిల్లలకి బొమ్మ, అంటే సినిమానో సిరీసో, వేస్తాం. ఎక్కువగా సైన్స్ ఫిక్షనే, అందులోనూ యానిమేషన్. హాలు తలుపు పక్కన ఒక పేజీ అంటిస్తాం. ఈ బొమ్మ ఎప్పుడొచ్చింది, చూసినవాళ్లు ఏమన్నారు, ఎందుకన్నారు అన్నది అందులో ఉంటుంది. ఆ పేజీ ఎలా తయారుచేస్తారని ఒంగోలు నుంచి టీచర్లు, నెల్లూరు నుంచి డిగ్రీ చదివే పిల్లలు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు ఇక్కడ మొత్తం రాసేస్తున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. పెద్ద సిరీస్ నుంచి పుట్టిన యానిమేషన్ బొమ్మకి వచ్చే రివ్యూల్లో ఒక చిక్కుంది. రాసేవాళ్లలో చాలామంది కళ్ల ముందున్న బొమ్మతో పాటు అసలు సిరీస్ మీద తమకున్న ప్రేమో కోపమో కూడా కలిపి రాసేస్తారు. ఆ రెంటినీ విడదీయడమే ఇక్కడ అసలు పని. అంకె చూసి తేల్చేస్తే అది కుదరదు.

కావాల్సినవి

ఒక రూల్డ్ లాంగ్ నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు, నెట్ ఉన్న ఫోన్ లేదా కంప్యూటర్, రెండు సాయంత్రాలు. వీటన్నిటికంటే ముఖ్యం, ఆ బొమ్మ మీరు ఒకసారి చూసి ఉండాలి. సిరీస్ పెద్దదైతే మొదటి సీజన్ నుంచి రెండు, చివరి సీజన్ నుంచి రెండు ఎపిసోడ్లైనా చూడండి. చూడకుండా రివ్యూలు చదివితే ఎవరి మాట నమ్మాలో తెలియదు, బాగా రాసినవాళ్ల వైపు ఒరిగిపోతాం.

1. ముందు అది ఏ బొమ్మో ఖాయం చేసుకోండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. స్టార్ వార్స్ అనే హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ సినిమాల నుంచి పుట్టిన "స్టార్ వార్స్: క్లోన్ వార్స్" అనే పొట్టి ఎపిసోడ్ల సిరీస్ 2003 నుంచి 2005 దాకా వచ్చింది. గెండీ టార్టకోవ్‌స్కీ తీశారు, చేత్తో గీసిన బొమ్మల తీరు. "స్టార్ వార్స్: ద క్లోన్ వార్స్" వేరే. అది కంప్యూటర్ యానిమేషన్, దర్శకుడు డేవ్ ఫిలోనీ. 2008 ఆగస్టు 15న అమెరికాలో సినిమాగా విడుదలైంది. అదే పేరుతో టీవీ సిరీస్ అదే ఏడాది అక్టోబర్ 3న మొదలైంది. అంటే దాదాపు ఒకే పేరుతో మూడు బొమ్మలు. మూడింటికీ టాక్ వేరు. 2003 నాటిది అమెరికాలో టీవీకి ఇచ్చే ఎమ్మీ అవార్డులు గెలిచింది. 2008 సినిమాని విమర్శకులు చీల్చి చెండాడారు. తర్వాత నడిచిన సిరీస్ మెల్లగా మెప్పు పొందింది.

మొదటిసారి పేజీ రాసినప్పుడు నేను 2003 సిరీస్‌కి వచ్చిన మెచ్చుకోళ్లని 2008 సినిమా కింద రాసి అంటించేశాను. బిట్రగుంట నుంచి వచ్చే ఎనిమిదో తరగతి పిల్లాడు చూసి, "ఇది ఈ సినిమా గురించి కాదు సార్" అన్నాడు. అప్పటికి నలభై మంది ఆ పేజీ చదివేశారు. అందుకే ఇప్పుడు నోట్‌బుక్‌లో పేజీ పైన నాలుగు వివరాలు రాసుకోనిదే ముందుకెళ్లను. పూర్తి పేరు, ఏడాది, దర్శకుడు, సినిమానా సిరీసా. మీరూ రాసుకోండి.

2. ప్రతి అంకె దేన్ని లెక్కపెడుతోందో తెలుసుకోండి

రాటెన్ టొమాటోస్ చూపించే శాతం మార్కులు కాదు. రాసిన విమర్శకుల్లో ఎంతమంది "బాగుంది" వైపున్నారో చెప్పే లెక్క. 60 శాతం, ఆపైన ఉంటే ఎర్ర టొమాటో, తగ్గితే ఆకుపచ్చ మరక. ఎంత బాగుందన్నది ఆ శాతంలో ఉండదు.

మన ఇంటి లెక్కలో చూద్దాం. పది మందికి చేపల పులుసు వడ్డించారు. ఎనిమిది మంది "పర్లేదు" అని పదికి 6 వేశారు, ఇద్దరు 4 వేశారు. బాగుందన్నవాళ్లు 80 శాతం, సగటు మాత్రం 5.6. పక్కింట్లో ఇంకో పులుసు. ఐదుగురు లొట్టలేసుకుంటూ 9 ఇచ్చారు, ఐదుగురు కారం ఎక్కువైందని 4 ఇచ్చారు. ఇక్కడ బాగుందన్నవాళ్లు 50 శాతమే, కానీ సగటు 6.5. శాతం చూస్తే మొదటి పులుసు గొప్పది. మళ్లీ తినాలని ఎవరికైనా అనిపించింది రెండోదే. యానిమేషన్ స్పిన్-ఆఫ్‌లలో చాలావాటికి ఈ రెండో తరహా టాక్ వస్తుంది. సిరీస్ తెలిసినవాళ్లు పొంగిపోతారు, తెలియనివాళ్లు బయటే నిలబడిపోతారు.

మెటాక్రిటిక్ అనే ఇంకో సైట్ విమర్శకుల మార్కుల సగటు లెక్కేస్తుంది, నూటికి ఇంత అని చెబుతుంది. కొన్ని పత్రికలకి ఎక్కువ బరువు ఇస్తుంది, ఎవరికెంత అన్నది బయటికి చెప్పదు. ఐఎమ్‌డీబీలో కనిపించేది మామూలు ప్రేక్షకుల ఓట్లు, విమర్శకులవి కావు. సినిమాస్కోర్ అమెరికాలో మొదటిరోజు హాలుకొచ్చినవాళ్లని అడిగి ఇచ్చే గ్రేడు. డబ్బు కట్టి మొదటిరోజే వచ్చేవాళ్లు ఎలాగూ అభిమానంతోనే వస్తారు కాబట్టి ఆ గ్రేడు కాస్త ఎక్కువగానే ఉంటుంది.

హెచ్చరిక: ఈ నాలుగూ ఒకే వరసలో పెట్టి పోల్చకండి. ఏ అంకె రాసుకున్నా పక్కన ఎన్ని రివ్యూల మీద వచ్చిందో, మీరు చూసిన తేదీ ఏమిటో కూడా రాయండి. ఐదు రివ్యూల మీద వచ్చిన 100 శాతానికి, రెండొందల మీద వచ్చిన 85 శాతానికి పోలికే లేదు.

3. ఎనిమిది రివ్యూలు పూర్తిగా చదవండి

సైట్‌లో కనిపించే ఒక్క లైను ముక్కలు చదివి ఆపేయకండి. చాలాసార్లు ఆ ముక్క రివ్యూలోని మాటే, కానీ దాని తర్వాతి వాక్యం "అయినా" అని మొదలవుతుంది. ఆ "అయినా" తర్వాతే విషయం ఉంటుంది.

ఎనిమిదిలో మూడు మెచ్చుకున్నవి, మూడు తిట్టినవి, రెండు మధ్యస్తంగా ఉన్నవి తీసుకోండి. ఈ ఎనిమిదీ కారణాలు తెలుసుకోవడానికే. ఎటువైపు ఎంతమంది ఉన్నారన్నది రెండో మెట్టులో రాసుకున్న అంకెలే చెబుతాయి, కాబట్టి చదివిన ఎనిమిదిలో సగం సగం ఉన్నారని టాక్ సగం సగమే అనుకోకండి. వీలైతే ఒకరైనా యానిమేషన్ గురించే రాసేవారు, ఒకరైనా ఆ సిరీస్ ముక్క తెలియనివారు ఉండేలా చూడండి. డబ్బు కడితే తప్ప తెరుచుకోని పత్రికైతే వదిలేసి ఇంకొకటి వెతకండి. వేరేవాళ్లు దాని గురించి రాసిన సారాంశం మీద ఆధారపడొద్దు. ఇంగ్లీషు చదవడం కష్టమనిపిస్తే ఫోన్‌లో అనువాదం పెట్టుకోండి, కానీ వెటకారం అనువాదంలో తిరగబడుతుంది. అనుమానం వచ్చిన వాక్యం ఇంగ్లీషు బాగా తెలిసినవాళ్లకి చూపించండి.

4. ప్రతి మాటా ఏ గడిలోకి వస్తుందో చూడండి

నోట్‌బుక్ పేజీని నిలువుగా ఐదు గడులు చేయండి: కథ, యానిమేషన్, పాత్రలు-మాటలు, అసలు సిరీస్‌తో పోలిక, "ఇది పిల్లలది" అన్న మాట. మెచ్చుకోలు ఒక రంగులో, ఫిర్యాదు ఇంకో రంగులో రాయండి. ఒక్కో రివ్యూకి మూడు నాలుగు లైన్లు వస్తాయి. ఎనిమిదీ అయ్యాక పేజీని చేతికందేంత దూరంలో పట్టుకుని చూస్తే ఏ గడి ఏ రంగులో నిండిందో కనిపిస్తుంది.

2008 సినిమాకి నేను వేసిన పేజీ ఇప్పుడు నా ముందుంది. కథ గడి మొత్తం ఫిర్యాదు రంగే: టీవీ ఎపిసోడ్లు కుట్టి సినిమా చేసినట్టుందని. అది నిందేమీ కాదు, నిజంగా జరిగిందే. సిరీస్ కోసం చేసిన ఎపిసోడ్లని స్టార్ వార్స్ సృష్టికర్త జార్జ్ లూకాస్ పెద్ద తెర మీద చూసి, సినిమాగా వదులుదామన్నారు. మాటల గడిలో అసోకా అనే కుర్ర శిష్యురాలు అందరికీ ముద్దుపేర్లు పెట్టడం మీద విసుగు. యుద్ధం సీన్ల దగ్గర మాత్రం అక్కడక్కడా మెచ్చుకోలు రంగు.

యానిమేషన్ గడి దగ్గర కాసేపు ఆగాలి. ముఖాలు చెక్కలో చెక్కినట్టు బిగుసుకుపోయాయని చాలామంది విమర్శ. ఇది చదివి "యానిమేషన్ చేతకాలేదు" అని రాసేస్తే తప్పవుతుంది. చెక్కి రంగులేసిన బొమ్మల్లా ఉండాలనే ఫిలోనీ బృందం అలా చేసింది. "థండర్‌బర్డ్స్" అనే పాత బ్రిటిష్ తీగబొమ్మల సిరీస్ ఛాయ అందులో ఉంది. మన నెల్లూరు జిల్లాలో తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. తోలుబొమ్మ మనిషిలా కదలదు, కదలాలని ఎవరూ అడగరు. అందుకని ఆ గడిలో నేను రాసుకున్నది ఇది: "కావాలని చేసిన తీరు. విమర్శకులకి నచ్చలేదు." రెండు వాక్యాలు, రెండూ నిజమే. ఇలా తీసినవాళ్ల ఉద్దేశం ఒక వాక్యంలో, చూసినవాళ్లకి తగిలింది ఇంకో వాక్యంలో పెట్టడం అలవాటు చేసుకోండి.

నాలుగో గడిలో పడేవాటికి పేజీలో చోటు తక్కువ ఇవ్వండి. "సినిమాల స్థాయిలో లేదు" అన్న మాట మన హాల్లో కూర్చునే, ఆ సినిమాలు చూడని పదేళ్ల పిల్లకి ఏమీ చెప్పదు. ఐదో గడి దగ్గర ఇంకా జాగ్రత్త. "పిల్లలకి పర్వాలేదు" అని ఒక్క ముక్కలో తీసిపారేసినవాళ్లు యానిమేషన్ అంటే చిన్నచూపుతో రాశారా, నిజంగా పిల్లల కళ్లతో చూసి రాశారా అన్నది రివ్యూ మొత్తం చదివితేనే తెలుస్తుంది. ఈ చిన్నచూపు చూస్తే నాకు చాలా బాధేస్తుంది. స్టార్ ట్రెక్ అనే అమెరికా టీవీ సిరీస్ నుంచి 1973-74లో వచ్చిన యానిమేషన్ సిరీస్ 22 ఎపిసోడ్లు. అసలు సిరీస్‌కి రాసినవాళ్లలో కొందరు దీనికీ రాశారు, పాత నటుల్లో ఎక్కువమంది గొంతిచ్చారు. తక్కువ డబ్బుతో చేసిన బిగుసు యానిమేషన్ అన్న మాట నిజమే. కానీ 1975లో పిల్లల సిరీస్ విభాగంలో డేటైమ్ ఎమ్మీ గెలిచింది. అయినా అసలు కథలో ఇది లెక్కలోకి రాదని చాలాకాలం పక్కన పెట్టారు. అవార్డు ఒక మాట, విమర్శకుల మాట ఇంకొకటి, అభిమానుల మాట మరొకటి. మూడింటినీ కలిపి ముద్ద చేయకండి.

5. ఎప్పుడు అన్నారో రాయండి

ప్రతి రివ్యూ పక్కన తేదీ. విడుదల వారంలో రాసినదా, ఏళ్ల తర్వాత రాసినదా? సిరీస్ అయితే ఇంకో ప్రశ్న కూడా ఉంది: రాసినాయన ఎన్ని ఎపిసోడ్లు చూశాడు? విమర్శకులకి చాలాసార్లు మొదటి కొన్ని ఎపిసోడ్లే ముందుగా పంపిస్తారు. బాధ్యతగా రాసేవాళ్లు ఆ సంగతి రివ్యూలోనే చెబుతారు. అది చూసుకోకుండా సీజన్ మొత్తానికి ఆ మాట అంటగట్టేస్తాం.

క్లోన్ వార్స్ టాక్ నెల్లూరు చేపల పులుసు మర్నాటికి రుచెక్కినట్టు రుచెక్కింది. 2008 సినిమాకి రాటెన్ టొమాటోస్‌లో 20 శాతం కూడా రాలేదు. అక్కణ్నుంచి మొదలైన సిరీస్ ఏడు సీజన్లు నడిచింది. మధ్యలో ఆగి, 2020 మే 4న చివరి ఎపిసోడ్ వచ్చేసరికి విమర్శకుల మాట పూర్తిగా మారిపోయింది. సిరీస్ మొత్తానికి ఇప్పుడు 90 శాతం పైనే ఉంటోంది. మొదట్లో విసుగు పుట్టించిన అసోకా పేరు మీదే 2023లో నటులతో వేరే సిరీస్ తీశారు. "మొదట నచ్చలేదు, తర్వాత నచ్చింది" అని రాస్తే సరిపోదు. ఏ సీజన్ దగ్గర మాట మారింది, ఎందుకు మారింది అన్నది వెతకండి. రాటెన్ టొమాటోస్‌లో సీజన్ వారీగా శాతాలు దొరుకుతాయి, అక్కడ మొదలుపెట్టండి.

చిన్న కథల సంకలనమైతే పద్ధతి మారుతుంది. మాట్రిక్స్ సినిమాల నుంచి 2003లో వచ్చిన "ద అనిమాట్రిక్స్" తొమ్మిది పొట్టి చిత్రాలు. 2021లో జపాన్ స్టూడియోలు చేసిన "స్టార్ వార్స్: విజన్స్" మొదటి భాగం కూడా తొమ్మిదే. ఇలాంటివాటికి మొత్తం మీద ఒక మాట రాయడం దండగ. విమర్శకులు ఏ చిత్రాన్ని ఎక్కువసార్లు పేరు పెట్టి చెప్పారో లెక్కపెట్టండి. విజన్స్ రెండో భాగంలో ముంబై స్టూడియో ఒకటి చేసిన చిత్రం కూడా ఉంది. పిల్లలకి అక్కణ్నుంచే మొదలుపెట్టి చూపించాం, పాత్రల బట్టలూ రైలూ చూసి హాలు హాలంతా గోల చేసింది.

6. ప్రేక్షకుల మాట వేరే పేజీలో

విమర్శకుల లెక్క, ప్రేక్షకుల లెక్క పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి కలిపి రాయాలనిపిస్తుంది. వద్దు. కొన్ని బొమ్మలకి చూడకుండానే కోపంతో గుంపుగా తక్కువ రేటింగులు గుద్దేస్తారు. ఈ గొడవల వల్లే 2019లో రాటెన్ టొమాటోస్ విడుదలకి ముందే ప్రేక్షకులు కామెంట్లు పెట్టే వీలు తీసేసింది. విడుదలైన మొదటి రెండు రోజుల్లో పడ్డ ఓట్లని పక్కన పెట్టి, నెల తర్వాత నిదానంగా రాసిన పొడుగు కామెంట్లు చదవండి.

కలెక్షన్లు కూడా టాక్ కాదు. 2008 సినిమాకి ఖర్చు 85 లక్షల డాలర్లు, వసూలు ప్రపంచమంతా కలిపి సుమారు 6.8 కోట్ల డాలర్లు. తిట్లూ వచ్చాయి, డబ్బూ వచ్చింది.

7. మన భాషలో వచ్చినవాటికి

"బుజ్జి అండ్ భైరవ" చాలామంది అడిగారు కాబట్టి చెబుతున్నాను. "కల్కి 2898 ఏడీ"కి ముందు కథగా రెండు ఎపిసోడ్లు, ప్రైమ్ వీడియోలో 2024 మే 31న వచ్చాయి. ప్రభాస్, కీర్తి సురేష్ గొంతులున్నాయి. సినిమా జూన్ 27న విడుదలైంది. కాబట్టి దొరికిన ప్రతి రివ్యూనీ జూన్ 27కి ముందు రాసిందా, తర్వాత రాసిందా అని రెండు కుప్పలు చేయండి. ముందు రాసినవాళ్లు ట్రైలర్ చూసినట్టు చూసి ఉంటారు, సినిమా ఎలా ఉండబోతోందన్న ఆతృత ఉంటుంది. తర్వాత రాసినవాళ్లకి కథ తెలుసు.

తెలుగు రివ్యూల్లో ఐదుకి ఇచ్చే రేటింగుని శాతంలోకి మార్చకండి. 2.75 అంటే లెక్క ప్రకారం 55 శాతం. కానీ మనవాళ్లలో ఆ అంకెకి అర్థం "ఓ మోస్తరు, ఒకసారి చూడొచ్చు" అని అందరికీ తెలుసు. 3 దాటిందంటే గట్టిగా నచ్చిందని. ఇంగ్లీషు అంకెల పక్కన పెడితే చదివేవాళ్లు మోసపోతారు. మాటల్లోనే రాయండి.

ఇంకొకటి. మీరు చదివే ఇంగ్లీషు రివ్యూలు ఎక్కువగా ఇంగ్లీషు గొంతుల మీద రాసినవి. తెలుగు డబ్బింగ్ వేస్తుంటే "గొంతులు అద్భుతం" అన్న మాట మీ పేజీలోకి రాకూడదు. తెలుగు ఆడియో ఉందో లేదో ముందు చూసుకోండి, ఉంటే పది నిమిషాలు విని మీ మాట మీ పేరుతో విడిగా రాయండి.

8. ఆరు లైన్లలో రాయండి

మా పేజీ ఒకటి ఉన్నది ఉన్నట్టు:

"స్టార్ వార్స్: ద క్లోన్ వార్స్. 2008, సినిమా. విమర్శకుల్లో ఎక్కువమందికి నచ్చలేదు. టీవీ ఎపిసోడ్లు అతికించినట్టుందని, మాటలు పేలవమని అన్నారు. ముఖాలు బిగుసుగా ఉన్నాయన్నది ఇంకో ఫిర్యాదు. తీసినవాళ్లు మాత్రం చెక్కబొమ్మల తీరు కావాలనే ఎంచుకున్నారు. యుద్ధం సీన్లని కొందరు మెచ్చుకున్నారు. దీని తర్వాత వచ్చిన సిరీస్‌కి పేరు మెల్లగా పెరిగింది, ఆ సంగతి వచ్చే నెల పేజీలో."

ఎక్కువగా జరిగే తప్పులు

"అందరూ" అన్న మాట. ఎనిమిది చదివి అందరూ అని రాయకండి, "చదివినవాళ్లలో ఎక్కువమంది" అనండి. "మిశ్రమ స్పందన" అన్నది ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే దాంట్లో సమాచారమే లేదు. ఎవరికి ఏది నచ్చింది, ఎవరికి ఏది నచ్చలేదు అని విడగొడితేనే అది వాక్యం. మూడో తప్పు, మనకి నచ్చిన బొమ్మకి తిట్టిన రివ్యూలు దొరకలేదనుకోవడం. ఉంటాయి, వెతకండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

పేజీలో బొమ్మ పేరు మీద వేలు పెట్టి మూసి, ఆ బొమ్మ చూసినవాళ్లెవరికైనా చదివించండి. ఏ బొమ్మో చెప్పగలిగితే పని అయినట్టే. "ఏదైనా కావచ్చు" అన్నారంటే నాలుగో మెట్టుకి వెనక్కెళ్లి కారణాలు నింపండి.

తర్వాత ప్రతి వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, నోట్‌బుక్‌లో అది ఏ రివ్యూ నుంచి వచ్చిందో నంబరు వేయండి. నంబరు దొరకని వాక్యం మీ సొంత అభిప్రాయం. దాన్ని కొట్టేయండి, లేదా "మాకు అనిపించింది" అని విడిగా పెట్టండి.

చివరగా, బొమ్మ చూడని ఒకరికి పేజీ ఇచ్చి రెండే ప్రశ్నలు అడగండి. విమర్శకులకి నచ్చిందా? ఎందుకు? రెండోదానికి జవాబు రాకపోతే మీరు రాసింది ఇంకా అంకే అన్నమాట.

పేజీని గమ్‌తో అంటించకండి, టేపు వాడండి. కింద మూలలో తేదీ వేయండి. నెల తిరిగాక అంకెలు మళ్లీ చూసి, మారినవి దిద్ది, అదే చోట పెట్టాలి. మేం కింద నాలుగు వేళ్లంత ఖాళీ కూడా వదులుతాం, బొమ్మ అయ్యాక పిల్లలు వాళ్ల మాట రాయడానికి. పోయిన నెల అందులో ఒక పాప "అసోకా నాకు మొదటి నుంచీ ఇష్టమే" అని రాసి వెళ్లింది.